ఫొటోలో చల్లగా కనపడ్డ ఇల్లు బెజవాడలో ఎందుకు ఉడికిపోద్ది

ఈ మధ్య ఇల్లు కట్టుకోవాలనుకునే ప్రతి ఒక్కళ్ళ ఫోన్లోనూ ఒక ఫోల్డర్ ఉంటోంది. ప్లాస్టరింగ్ లేని ఎర్ర ఇటుక గోడ, గ్రే కాంక్రీటు స్లాబ్, పైన అద్దంలోంచి నిలువుగా దిగుతున్న వెలుగు, హాలు మధ్యలో ఒక చెట్టు, కింద నున్నటి రాయి, ఇంకేం ఉండదు, చూస్తుంటే ప్రాణానికి హాయిగా ఉంటది. అవి తీసుకెళ్ళి ఇంజినీర్ గారికి చూపించి ఇలాగే కావాలండీ అంటారు, ఆయన దాందేముందండీ కట్టేద్దాం అంటాడు, కట్టేస్తారు కూడా. ఏప్రిల్ వచ్చేసరికి ఆ పైన అద్దం మీద నర్సరీల్లో వేసే ఆకుపచ్చ నెట్ కట్టేసి ఉంటది. పటమట, గుణదల, అటు గుంటూరులో విద్యానగర్, ఎక్కడైనా సరే వేసవిలో కొత్త డాబాల మీదకి ఒకసారి చూడండి, తెలిసిపోద్ది.

దీనికి మామూలుగా రెండు కారణాలు చెప్తారు. ఆ డిజైన్లన్నీ చలిదేశాలవి మనకి పనికిరావని కొందరు, మేస్త్రీ సరిగ్గా కట్టలేదని కొందరు. రెండిట్లోనూ కాస్త నిజం ఉంది గానీ అసలు సంగతి వేరే. ఆ ఫొటోల్లో ఉన్నది ఒక జవాబు. ఫలానా స్థలంలో ఎండ ఏ కోణంలో పడుద్ది, గాలి ఎటునుంచి వస్తది, నీళ్ళు ఎక్కడ నిలబడతయ్, నేల ఎలాంటిది, చుట్టుపక్కల ఏం దొరుకుద్ది, ఏం కట్టగలిగిన పనోళ్ళున్నారు అని ఎవరో కూర్చుని అడుక్కుంటే వచ్చిన జవాబు. మనం జవాబు ఒక్కటీ తెచ్చుకుని ప్రశ్నల్ని అక్కడే వదిలేసి వస్తున్నాం. అవే ప్రశ్నలు బెజవాడలో అడిగితే జవాబు ఎలా ఉంటదో చూడటమే ఈ వ్యాసం పని.

సూర్యుడి లెక్క

ముందు సూర్యుడు, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతయ్. విజయవాడ భూమధ్యరేఖకి ఉత్తరంగా 16.5 డిగ్రీల దగ్గర ఉంది, గుంటూరు అంతకంటే కొంచెం కిందికి. దీనివల్ల మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు, కరెంటు స్తంభం నీడ స్తంభం మొదట్లోనే ఆగిపోద్ది. ఆ రెండు రోజుల మధ్యలో మూడు నెలల పాటు మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు, చాలామంది ఈ మాట చెప్తే నమ్మరు. జూన్ 21న కూడా ఆయన ఎత్తు 83 డిగ్రీలు. డిసెంబర్ ఆఖర్లో మాత్రం దక్షిణానికి వాలి 50 డిగ్రీలకి దిగుతాడు. అదే కోపెన్‌హేగెన్‌లో డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 11 డిగ్రీలు, అంతే. వాళ్ళు గోడంత అద్దం పెట్టుకుని ఎండ కోసం ఎదురుచూడటంలో అర్థం ఉంది, ఆ అద్దం తెచ్చి బందర్ రోడ్డులో షాపుకి ముందు పెట్టి లోపల నాలుగు ఏసీలు నడపటంలో ఏముందో పెట్టినోళ్ళకే తెలియాలి.

ఇంకో లెక్క ఉంది, నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైందనిపిస్తది. మే నెల మధ్యాహ్నం ఆరుబయట వెలుగు దాదాపు 1 లక్ష లక్స్ (వెలుగుని కొలిచే లెక్క) ఉంటది. ఇంట్లో కూర్చుని పేపర్ చదువుకోవటానికి 300 లక్స్ ఉంటే చాలు. అంటే బయట ఉన్న వెయ్యి వంతుల్లో మనకి కావాల్సింది మూడు వంతులు. కానీ ఆ మూడు వంతుల కోసం మనం పైకప్పుకి 3 అడుగులు బై 4 అడుగుల అద్దం పెడితే దాని మీద పడే ఎండ సుమారు ఒక కిలోవాట్ వేడి, అందులో ఎక్కువ భాగం అద్దం గుండా లోపలికి దిగిపోద్ది. ఒక టన్ను ఏసీ గదిలోంచి బయటికి తోసే వేడి మొత్తం కలిపితే 3.5 కిలోవాట్లు, అందులో దగ్గర దగ్గర నాలుగో వంతు ఈ ఒక్క అద్దానికే సరిపోద్ది. కాబట్టి మన ఊళ్ళో సహజమైన వెలుగుతో ఇల్లు కట్టటమంటే కిటికీలు పెంచటం కాదు. ఎండని బయటే ఆపి, అది ఏదో ఒక గోడకో నేలకో తగిలి చెదిరిన తర్వాత మిగిలిన వెలుగుని మాత్రం లోపలికి రానివ్వటం.

ఈ పని ప్రపంచంలో బాగా చేసినోళ్ళందరూ చేసింది ఇదే. అమెరికాలో ఫోర్ట్‌వర్త్ అనే ఊళ్ళో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన కింబెల్ ఆర్ట్ మ్యూజియం ఉంది, 1972లో పూర్తయింది. టెక్సాస్ ఎండ తక్కువేం కాదు. ఆయన పొడుగాటి కాంక్రీటు కమాన్లు వరసగా పెట్టి ప్రతి కమాను నడినెత్తిన సన్నటి చీలిక వదిలాడు, ఇంతవరకే అయితే మన స్కైలైట్‌కీ దానికీ తేడా లేదు. కానీ ఆ చీలిక కింద రెక్కల్లాగా వంచిన అల్యూమినియం రేకులు వేలాడదీశాడు, వాటికి సన్నటి చిల్లులు. పైనుంచి దిగిన ఎండ ఆ రేకుకి తగిలి మళ్ళీ పైకెళ్ళి కాంక్రీటు కమాను లోపలి వైపు పరుచుకుంటది, మామూలు గ్రే కాంక్రీటు వెండి రంగులో మెరుస్తది, మనిషి మీదకి గానీ బొమ్మల మీదకి గానీ నేరుగా ఎండ పడదు. ఫొటోలో మాత్రం కమాను, కాంక్రీటు, పైన వెలుగు కనపడతయ్, అంతే. ఆ రేకు చేసే పని ఫొటోలో కనపడదు, అందుకే మనోళ్ళు రేకు వదిలేసి చీలిక మాత్రం పెట్టించుకుంటారు.

నాలుగు దిక్కులు, 200 గజాలు

ఇప్పుడు మామూలు 200 గజాల స్థలం తీసుకుందాం, 30 బై 60. దక్షిణం గోడ చాలా తేలిక. మార్చి, సెప్టెంబర్ నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి 2 అడుగుల సన్‌షేడ్ వేస్తే దాని కింద దాదాపు ఆరున్నర అడుగుల వరకు నీడ పడుద్ది, కిటికీ మొత్తం నీడలోనే ఉంటది. చలికాలంలో నీడ రెండున్నర అడుగులే ఉంటది, కాస్త ఎండ లోపలికొస్తది, డిసెంబర్లో దానికి ఎవరూ బాధపడరు. తూర్పు కూడా పర్లేదు, పొద్దున ఎండ, తొందరగా పైకెళ్ళిపోద్ది, గోడ అప్పటికి ఇంకా చల్లగానే ఉంటది.

పడమరే అసలు గొడవ. మే నెలలో సాయంత్రం 4 గంటలకి సూర్యుడి ఎత్తు 34 డిగ్రీలు, 5 గంటలకి 20 డిగ్రీలు. అదే 2 అడుగుల సన్‌షేడ్ 4 గంటలకి ఒక అడుగు పైన ఇంకో నాలుగు అంగుళాలు నీడ ఇస్తది, 5 గంటలకి 9 అంగుళాలు కూడా ఇవ్వదు. పడమర కిటికీకి సన్‌షేడ్ అనేది వానకి తప్ప ఎండకి పనికొచ్చే వస్తువు కాదు, ఇంకా పొడుగు పెంచినా అంతే. పడమరకి కావాల్సింది నిలువుగా అడ్డం పడేది ఏదైనా, బయటి మెట్లు, బాత్రూం, స్టోర్ రూం, పాదు ఎక్కించిన జాలీ (సందులున్న గోడ), వేపచెట్టు, లేదా పక్కింటోళ్ళ గోడ. పక్కింటోళ్ళు మూడంతస్తులు లేపేశారని ఏడుస్తాం గానీ వాళ్ళు పడమర వైపు ఉంటే మాత్రం లోపల్లోపల సంతోషించాలి.

ఉత్తరం మోసం చేసే దిక్కు. పుస్తకాల్లో ఉత్తరపు వెలుగు అంత మంచిది లేదని ఉంటది, పెయింటర్లు స్టూడియోలకి ఉత్తరం కిటికీలు పెట్టుకునేది అందుకే, నేరుగా ఎండ దాదాపు రాదు, ఆకాశం వెలుగే వస్తది. అది యూరప్ లెక్క. మనకి జూన్‌లో సూర్యుడు పడమర నుంచి ఉత్తరానికి 24 డిగ్రీలు జరిగి అస్తమిస్తాడు, అంటే సాయంత్రం ఉత్తరం కిటికీలోకి పక్క నుంచి ఎండ కొడుద్ది. దానికి మందు తేలికే, కిటికీకి పడమర వైపు గోడలోంచి ఒక అడుగు, అడుగున్నర నిలువు పలక బయటికి తీస్తే చాలు. ఖర్చు పెద్దగా ఉండదు, ప్లానులో గీసినోళ్ళు గుర్తుపెట్టుకోవాలంతే.

ఇంటి మధ్యలో గదుల మాటేంటి అంటారా. సెట్‌బ్యాక్ వదిలింది మూడు నాలుగు అడుగులు, పక్కన గోడ, కిటికీ తీస్తే వాళ్ళ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను. అక్కడ వెలుగు పైనుంచే తెచ్చుకోవాలి, తప్పదు. కాకపోతే పడుకోబెట్టిన అద్దం కాకుండా స్లాబ్‌లో కొంత భాగాన్ని మూడు అడుగులు పైకి లేపి ఉత్తరం వైపు నిలువుగా కిటికీ పెట్టి, దాని ఎదురు గోడకి తెల్ల సున్నం కొడితే, వెలుగు ఆ గోడకి తగిలి కిందకి దిగుద్ది, వేడి చాలావరకు పైనే ఉండిపోద్ది, ఆ కిటికీ తెరుచుకునేదైతే ఆ వేడి కూడా అటే బయటికి పోద్ది. మన పాత మండువా లోగిళ్ళలో జరిగింది ఇదే, నడుమ ఆకాశం, చుట్టూ వసారా, వసారా చూరు కిందకి వంగి ఉండటం వల్ల గదుల్లోకి ఎండ నేరుగా రాదు, మండువా నేలకి తగిలి లేచిన వెలుగే వస్తది. అయితే ఇప్పుడు 200 గజాల్లో మండువా కావాలని మూడంతస్తుల మధ్య 6 బై 6 గొయ్యి వదిలి దానికి కోర్ట్‌యార్డ్ అని పేరు పెడుతున్నారు, అడుగున చీకటి, పైన పావురాలు.

నైరుతి బెడ్‌రూం

వాస్తు గురించి వాదన పెట్టుకోను, మన దగ్గర ఇల్లు అంటే వాస్తు ఉంటది, అంతే. కానీ ఒక విషయం దగ్గరగా చూడాలి. ఇంటి యజమాని బెడ్‌రూం నైరుతిలో ఉండాలంటారు. నైరుతి గదికి దక్షిణం గోడ, పడమర గోడ రెండూ బయటివే. మధ్యాహ్నం నుంచి సూర్యుడు దిగిపోయేదాకా ఎండ ఆ మూల మీదే. 9 అంగుళాల ఇటుక గోడ బయటి వైపు ఎక్కిన వేడి లోపలి వైపుకి చేరటానికి ఆరేడు గంటలు పడుద్ది, ఇది ఇటుక లక్షణం, మేస్త్రీ తప్పు కాదు. సాయంత్రం నాలుగింటికి గోడ బాగా కాలితే ఆ కాక లోపలికి వచ్చేది రాత్రి పదింటికి పదకొండింటికి, సరిగ్గా మనం పడుకునే టైముకి. బయట చల్లబడుద్ది, వీధిలో పైరగాలి వస్తుంటది, లోపల మంచం పక్కన గోడ మీద అరచెయ్యి పెడితే కుంపటి పక్కన పెట్టినట్టు ఉంటది. ఏసీ 24లో పెట్టినా గోడ మాత్రం మన వైపు కాక కొడుతూనే ఉంటది కాబట్టి ఒంటికి చల్లదనం తెలీదు, ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తాం, బిల్లు వస్తది.

వాస్తుని కదపకుండానే దీన్ని సర్దొచ్చు. నైరుతిలో బరువుండాలంటారు కదా, పెట్టండి బరువు. పడమర గోడ పొడుగునా వార్డ్‌రోబ్‌లు పెట్టిస్తే అవి ఒక పొర. గోడని మధ్యలో ఖాళీ ఉండే రకంగా కడితే ఇంకో పొర. ఆ గోడకి బయట మెట్లు వస్తే ఎండే తగలదు. మంచం తలవైపు పడమర గోడకి ఆనకుండా దక్షిణానికి పెట్టుకోండి, అది ఎలాగూ వాస్తు కూడా చెప్పేదే.

రెండు వాతావరణాలు, ఒక ఇల్లు

ఇక్కడిదాకా చెప్పింది మార్చి నుంచి జూన్ దాకా. బెజవాడలో చిక్కేంటంటే ఇక్కడ ఒకే ఏడాదిలో రెండు రకాల ఊళ్ళు ఉంటయ్. మే నెల మధ్యాహ్నం పడమటి నుంచి పొడి వడగాడ్పు, అప్పుడు తలుపులన్నీ మూసుకుని మందపాటి గోడల మధ్య కూర్చోవటమే మేలు. జులై నుంచి అక్టోబర్ దాకా ఉక్క, అప్పుడు మందపాటి గోడలు చేసేదేం లేదు, ఒంటి మీద గాలి ఆడాలి, చెమట ఆరాలి.

ఆర్కిటెక్ట్ ఛార్లెస్ కొరియా 1960ల మొదట్లో అహ్మదాబాద్‌లో ట్యూబ్ హౌస్ అని సన్నటి పొడుగాటి ఇల్లు కట్టాడు, 12 అడుగుల వెడల్పు, పైకప్పు లోపల వాలుగా ఉండి వేడిగాలి ఆ వాలు వెంట పైకెక్కి కొసన ఉన్న సందులోంచి బయటికి పోయేది. మన పొడుగాటి స్థలాలకి ఇది భలే సరిపోయే ఐడియా అనిపిస్తది, కొంతవరకు నిజమే. కానీ వేడిగాలి పైకెళ్ళి చల్లగాలి కిందనుంచి రావాలంటే బయట ఎక్కడో చల్లగాలి ఉండాలి కదా. అహ్మదాబాద్ పొడి ఊరు, రాత్రికి బాగా చల్లబడుద్ది. మనకి ఆగస్టులో రాత్రి కూడా ఉక్కే, కాబట్టి దాని బలం ఇక్కడ తక్కువ. ఇక్కడ పనిచేసేది అటు నుంచి ఇటు దూసుకెళ్ళే గాలి. గాలి రావటానికి ఒక కిటికీ, పోవటానికి ఎదురుగా ఇంకోటి, రెండోది లేకపోతే మొదటిది ఎంత పెద్దదైనా దండగ.

ఇళ్ళకి కరెంటు ఆదా కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. మనలాంటి ఉక్క ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీ తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలంటది. 10 బై 12 గదికి 20 చదరపు అడుగులు. గదికి 5 బై 4 కిటికీ పెట్టాం కదా సరిపోయిందనుకుంటాం. కానీ ఇప్పుడు అందరూ పెట్టిస్తున్నది యూపీవీసీ స్లైడింగ్, అది సగమే తెరుచుకుంటది, లెక్కలో పదే వస్తయ్. పాతకాలపు రెండు రెక్కల చెక్క కిటికీ మొత్తం తెరుచుకునేది. స్లైడింగ్ వచ్చాక మన కిటికీలన్నీ మనకి తెలియకుండానే సగానికి తగ్గిపోయినయ్, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఆస్ట్రేలియాలో గ్లెన్ మర్కట్ 1994లో ఉత్తరాన ఉష్ణమండలంలో ఒక ఇల్లు కట్టాడు, మారికా ఆల్డర్టన్ హౌస్. దానికి అద్దం అన్నదే లేదు, గోడలన్నీ పైకి లేపే పలకలు, చెక్క పట్టీలు, నేల మట్టానికి పైన స్తంభాల మీద. చదివితే ఇదే కదా మనకి కావాల్సింది అనిపిస్తది. తర్వాత దోమలు గుర్తొస్తయ్. కేరళలో ఇళ్ళు కట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ జాలీ గోడలు చూసి ముచ్చటపడేవాళ్ళు కూడా బెజవాడ దోమల్ని లెక్కలో వేసుకోరు. జాలీకి లోపల వైపు మెష్ తప్పదు, మెష్ పెడితే గాలి బాగా తగ్గుద్ది, దుమ్ము పట్టాక ఇంకా తగ్గుద్ది. కాబట్టి మెష్ ఊడదీసి కడుక్కునేలా ఫ్రేములో ఉండాలి, జాలీ వైశాల్యం అవసరానికి రెట్టింపు పెట్టుకోవాలి. చెప్పుకోవటానికి చిన్న విషయమే గానీ ఇల్లు వాడుకలో ఉండటమా, జాలీకి ప్లాస్టిక్ షీటు కొట్టేయటమా అన్నది ఇక్కడే తేలుద్ది.

నేల, నీళ్ళు

స్థలాన్ని బట్టి కట్టడం అనగానే కొండలు లోయలు ఉన్నచోట మాటలే వస్తయ్. శ్రీలంకలో దంబుల్లా దగ్గర జెఫ్రీ బావా కట్టిన కందలామా హోటల్ కొండవాలుని చుట్టుకుని ఉంటది, చూస్తే కొండదో హోటల్‌దో తెలీదు. మనకి ఉండవల్లి ఉంది, కొండనే తొలిచి నాలుగు అంతస్తులు చేశారు, ఎండాకాలం మధ్యాహ్నం లోపలికెళ్ళి అనంతపద్మనాభస్వామి ముందు నిలబడితే చుట్టూ అంత రాయి ఏం చేస్తదో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ సింగ్ నగర్‌లోనో గుంటూరు నల్లరేగడిలోనో 200 గజాల చదును స్థలం ఉన్నోడికి స్థలం ఏం చెప్తది?

ముందు నీళ్ళ గురించి చెప్తది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలబడినయ్. అసలు వరద దాకా పోనక్కర్లేదు, మన దగ్గర రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దానిమీదే వేస్తారు, పదిహేనేళ్ళ కిందట మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. బేస్‌మెంట్ ఎత్తు రోడ్డుని చూసి కాదు, రాబోయే రోడ్డుని చూసి పెట్టాలి. తర్వాత మట్టి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తది, పైపైన పునాది వేస్తే గోడలు మూలల నుంచి పగుల్తయ్. దీనికి అడుగున గుండ్రంగా ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ అని ఒక పద్ధతి ఉంది, రూర్కీలో సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మన దేశంలో అభివృద్ధి చేసిందే. ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ కావాలనుకునేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే పగులుకి లప్పం పెట్టి రంగేసి దాచే అవకాశం వాళ్ళకి ఉండదు.

ఈ విషయాలన్నీ ఒకేచోట చూడాలంటే నేను యూరప్ వైపు చూడను, ఢాకా వైపు చూస్తాను. అక్కడ 2012లో ఆర్కిటెక్ట్ మరీనా తబస్సుమ్ కట్టిన బైతుర్ రవూఫ్ మసీదుకి 2016లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అది కూడా డెల్టానే, ఒండ్రుమట్టి, వరద, ఉక్క, ఇటుక. వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన స్థలం, చందాలతో కట్టింది, గుమ్మటం లేదు మినార్ లేదు. వరద కోసం ఎత్తు అరుగు మీద లేపారు, ఆ అరుగు మీద సాయంత్రం వీధిలోవాళ్ళు కూర్చుంటారు. స్థలం కిబ్లా దిక్కుకి, అంటే నమాజుకి తిరిగే మక్కా వైపుకి, వంకరగా ఉంది, మనమైతే వాస్తు దోషం అని కంగారు పడతాం, ఆమె మాత్రం బయట చతురస్రం స్థలానికి తగ్గట్టు పెట్టి లోపల ప్రార్థన చేసేచోటుని కిబ్లా వైపు తిప్పేసింది. ఆ తిప్పటంలో మధ్యలో మిగిలిపోయిన సందులన్నిటినీ ఆకాశానికి తెరిచి వదిలేసింది. ఎండ ఆ సందుల్లో ఇటుక గోడల మీద పడి, అక్కణ్ణుంచి లోపలికి చెదిరిన వెలుగై వస్తది. పైకప్పుకి చిన్న చిన్న గుండ్రటి చిల్లులు, నేల మీద చుక్కల్లా ఎండ. స్థలానికి ఉన్న వంకరే ఆ కట్టడానికి వెలుగు తెచ్చిపెట్టింది.

సింపుల్ అంటే చవక కాదు

ఇటుక విషయానికొద్దాం. ఎక్స్‌పోజ్డ్ బ్రిక్ అంటే ప్లాస్టరింగ్, లప్పం, పెయింట్ ఖర్చు మిగులుద్దని అందరూ లెక్కేస్తారు. మన బట్టీల్లో వచ్చే ఇటుక ఒకటి ఎర్రగా ఒకటి నల్లగా, ఒకటి పొడుగు ఒకటి పొట్టి, మూలలు విరిగి, కొన్నిట్లో ఉప్పు ఉండి వానాకాలం తర్వాత గోడ మీద తెల్లగా పొంగుద్ది. ప్లాస్టరింగ్ కింద ఇవన్నీ దాక్కుంటయ్. బయటికి కనపడాలంటే ఇటుకలు ఏరాలి, నీళ్ళలో నానబెట్టాలి, రెండు ఇటుకల మధ్య మాలు ఒకే మందంలో రావాలి, పచ్చిగా ఉండగానే ఆ సందుల్ని నున్నగా తీర్చే పాయింటింగ్ చెయ్యాలి, కారిన మాలు అప్పటికప్పుడు గోనెపట్టాతో తుడవాలి, లేకపోతే మరక అట్టే ఉండిపోద్ది. ప్లాస్టరింగ్ ఉంటదన్న ధీమాతో కట్టటం అలవాటైన మేస్త్రీకి ఇది వేరే పని. రోజుకి కట్టే గోడ తగ్గిపోద్ది, కూలి పెరుగుద్ది. ఇంతా కష్టం ఎందుకని కొందరు బెంగళూరు వైపు నుంచి వైర్‌కట్ ఇటుక, అంటే మిషన్లో కోసిన ఇటుక, లారీల్లో తెప్పించి లోకల్ మెటీరియల్ ఇల్లు అని చెప్పుకుంటారు, దానికేమనాలో తెలీదు.

లారీ బేకర్ కేరళలో జనంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్ మన పడమర గోడకి భలే పనికొస్తది. మామూలుగా ఇటుకని పడుకోబెట్టి కడతాం. ఇందులో నిలబెడతారు, బయట ఒక ఇటుక, లోపల ఒక ఇటుక, మధ్యలో మూడంగుళాల ఖాళీ, అక్కడక్కడా అడ్డంగా ఒక ఇటుక రెండిటినీ పట్టుకుని ఉంటది. గోడ మందం అదే 9 అంగుళాలు, ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతయ్, మాలు కూడా తగ్గుద్ది, మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుద్ది. కాకపోతే కట్టేటప్పుడు మాలు ఆ ఖాళీలో పడకుండా చూడాలి, ఎలక్ట్రీషియన్ వచ్చి ఇష్టమొచ్చినట్టు గాడి కొట్టకుండా చూడాలి, రెండోది ఇంకా కష్టం. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పుణ్యమా అని మన దగ్గర ఫ్లైయాష్ ఇటుక బాగా దొరుకుద్ది, అన్నీ ఒకే సైజు, కాబట్టి ఈ పద్ధతికి నాటు ఇటుక కన్నా అదే తేలిక. ఎరుపు కావాలనే పట్టుదల లేకపోతే ఇక్కడి లోకల్ మెటీరియల్ నిజానికి ఆ బూడిద ఇటుకే. కింద పరవటానికి మాచర్ల నాపరాయి. గ్రౌండ్ ఫ్లోర్లో నాపరాయి చల్లగా ఉంటదంటారు, అందులో చాలా భాగం కింద ఉన్న మట్టిది, అదే రాయి పై అంతస్తులో వేస్తే ఆ చల్లదనం సగం కూడా ఉండదు.

గోడల సంగతి ఎంత చెప్పినా ఒంటంతస్తు డాబాలో ఎక్కువ వేడి వచ్చేది స్లాబ్ నుంచే. ఎండ రోజంతా తగిలేది దానికొక్కదానికే, 5 అంగుళాల కాంక్రీటు మూడు గంటల్లో వేడిని కిందికి దించుద్ది. బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లెలో ఫ్రాన్సిస్ కెరే 2001లో కట్టిన స్కూలు చూస్తే దీనికి మందు తెలుస్తది. సిమెంటు కలిపి నొక్కిన మట్టి ఇటుకల గోడలు, ఇటుకల సీలింగు, దానిమీద కొన్ని అడుగుల ఎత్తున ఇనప చువ్వల ఊతం మీద రేకులు. ఎండ రేకు మీద ఆగుద్ది, రేకుకీ సీలింగుకీ మధ్య గాలి ఆడి వేడిని తీసుకుపోద్ది. ఆయనకి 2022లో ప్రిట్జ్‌కర్ ప్రైజ్ వచ్చింది, ఆర్కిటెక్చర్‌లో అంతకన్నా పెద్దది లేదు. ఇప్పుడు మన డాబాల మీద చూడండి, బట్టలు ఆరేసుకోటానికని, ఫంక్షన్లకని వేసే రేకుల షెడ్డు, అందరూ అసహ్యంగా ఉందనేది, సూత్రం మాత్రం సరిగ్గా అదే. నాలుగు వైపులా తెరిచి ఉంచి, అంచులు పిట్టగోడ దాటి రెండు అడుగులు బయటికి తీసి, పడమర వైపు కాస్త కిందికి వంచితే పై అంతస్తు గోడలకి కూడా నీడ వస్తది. ఇంటి డిజైన్‌లోనే మొదటినుంచి దాన్ని కలిపి గీస్తే అసహ్యంగా ఉండాల్సిన పనేం లేదు, తుఫాను గాలికి లేవకుండా బోల్టులు మాత్రం ఇంజినీర్ చూసి వేయించాలి. షెడ్డు వద్దనుకుంటే స్లాబ్ మీద తెల్లటి కూల్ రూఫ్ కోటింగో తెల్ల చైనా మొజాయిక్ ముక్కలో, రెండూ ఎండని వెనక్కి కొడతయ్. అహ్మదాబాద్‌లో బాలకృష్ణ దోషి తన సొంత ఆఫీసు సంగత్ కమాన్ల మీద ఆ తెల్ల ముక్కలే వేయించాడు, 1980లో.

ఫ్లాట్‌లో ఉన్నోళ్ళకి ఇవేవీ చేతిలో ఉండవు కదా అంటే, ఒకటి ఉంది. పడమర బాల్కనీ అద్దానికి లోపల వైపు ఎంత మందం కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటది, కర్టెన్ వేడెక్కుద్ది, ఆ వేడి గదిలోనే తిరుగుద్ది. అదే అద్దానికి బయట, బాల్కనీ అంచున వెదురు తడిక వేలాడదీస్తే వేడి బయటే ఆగిపోద్ది, సందుల్లోంచి చదువుకునేంత వెలుగు వస్తది. ఖర్చు కర్టెన్ కన్నా తక్కువే. అడ్డొచ్చేది ఒకటే, ఎలివేషన్ పాడవుద్దని అసోసియేషన్ మీటింగులో ఎవరో లేస్తారు. అప్పుడు ఒక్కళ్ళు కాకుండా పడమర వైపు ఫ్లాట్ల వాళ్ళంతా కలిసి ఒకే రంగు, ఒకే సైజు తడికలు వేసుకుంటామని అడగండి, ఎలివేషన్ మాట ఎత్తినోళ్ళకి ఇంక అడ్డం చెప్పటానికి ఏమీ ఉండదు.